ఎర్ర గీత కింద రెండు వాక్యాలు

మా కోడలి సాక్ష్యాన్ని రాసింది తనే. సాక్ష్యంలాగా తయారుచేసింది మాత్రం నేను. ఈ మాట ఏడేళ్ళ పాటు నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు తప్పు ఒప్పుకోవడానికి చెబుతున్నాను.

నా పేరు లక్ష్మమ్మ. క్రైస్తవుల ఇంట్లో లక్ష్మమ్మ ఏంటని అడిగేవాళ్ళకి మా నాయనమ్మ పేరని చెప్పి అక్కడితో ఆపేస్తాను. రేపల్లెలో మిషన్ బడిలో ముప్పై ఆరేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు పాఠం చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేదాన్ని. ఎవడు ఎక్కడ తడబడ్డాడో, ఎవడు అర్థం తెలియకుండా గడగడా చదివేస్తున్నాడో చెవితోనే పట్టేసేదాన్ని. తప్పు కనబడితే ఊరుకునే స్వభావం కాదు నాది. శుభలేఖల్లో తప్పులు కూడా దిద్ది వెనక్కి పంపిస్తానని మా ఆయన ఆశీర్వాదంగారు అందరి దగ్గరా వెక్కిరిస్తుంటారు. పంపింది ఒక్కసారే. అదీ సొంత తమ్ముడి ఇంట్లో పెళ్ళికి.

మా ఒక్కగానొక్క కొడుకు కిరణ్ కుమార్ వడ్లమూడిలో యూనివర్సిటీ ల్యాబులో పనిచేస్తాడు. కోడలు కరుణశ్రీ బాపట్ల పిల్ల. తెనాలిలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. పొద్దున రేపల్లెలో రైలెక్కి వెళ్ళి, సాయంత్రం రైల్లో వస్తుంది. మాట తక్కువ మనిషి. నేను పది మాటలంటే తను ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ “సరే అత్తయ్యా” అనే అంటుంది. ఇలాంటి కోడలు దొరికినందుకు చాలాకాలం మురిసిపోయాను.

పెళ్ళయిన ఏడాదికి ఆ పిల్లకి ఆయాసం మొదలైంది. మేడ మెట్లు సగం ఎక్కి గోడ పట్టుకుని నిలబడేది. గుంటూరులో గుండె ఆసుపత్రికి తీసుకెళ్తే, పుట్టుకతోనే గుండెలో పై గదుల మధ్య గోడకి చిల్లు ఉందని, ఇన్నాళ్ళకి బయటపడిందని అన్నారు. ఛాతీ కొయ్యకుండానే మూస్తామన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపించి, చిల్లుకి ఇటొకటి అటొకటి చిన్న గొడుగుల్లా విచ్చుకునే బిళ్ళ పెట్టి మూసేశారు. మూడో రోజుకి ఇంటికొచ్చేసింది. అంత పెద్ద జబ్బుకి ఒంటిమీద ఒక్క గాటు కూడా కనబడకపోవడం చూసి మా వీధి వీధంతా ఆశ్చర్యపోయింది.

పంపించేటప్పుడు అక్కడి పెద్ద డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. ఆరు నెలలు మాత్రలు వాడాలి. ఆ తర్వాత మాత్రలు మానేసినా, ఏటా ఒకసారి వచ్చి గుండెకి ఎకో పరీక్ష చేయించుకోవాలి. బిళ్ళ ఏ కాస్త ఒరిగినా, అంచు దగ్గర సందు పడినా మొదట్లో మనిషికి తెలియదట, పరీక్షలోనే తెలుస్తుందట. నేను బుద్ధిగా తలూపి విన్నాను. విన్నదాన్ని మర్చిపోయే దాన్నీ కాదు. అందుకే నా తప్పు పెద్దదవుతుంది.

మా చర్చి సంఘాల్లో జబ్బు నయమైనవాళ్ళు గుడిలో అందరి ముందూ నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. అప్పట్లో స్త్రీల సమాజానికి నేనే ప్రెసిడెంటుని. నా కోడలు సాక్ష్యం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? రాసుకురమ్మన్నాను. కరుణశ్రీ రెండు పేజీలు రాసి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఎర్ర పెన్ను తీశాను.

బాగానే రాసింది. కాకపోతే అందులో ఏటా పరీక్షకి రమ్మన్నారనే వాక్యం ఒకటుంది. స్వస్థపడ్డానని చెప్పి, వెంటనే మళ్ళీ పరీక్షంటే వినేవాళ్ళకి అనుమానం రాదూ? దాని మీద ఎర్ర గీత గీసేశాను. చివర్లో ఇంకో వాక్యం కూడా కొట్టేశాను, అదేంటో తర్వాత గుర్తులేదు. దాని బదులు ముగింపు నేనే రాశాను. మనవరాలు పింకీ పుట్టాక ఆ ముగింపుకి బిడ్డ మాట కూడా చేర్చాను: “నాలుగు మెట్లు ఎక్కలేని నన్ను లేవనెత్తి, నా గుండెలో చిల్లును పూర్తిగా పూడ్చి, మందూ మాకూ అక్కర్లేని ఆరోగ్యాన్నిచ్చి, నా ఒళ్ళో బిడ్డను పెట్టిన దేవునికి స్తోత్రం.” ఇది మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే గుక్కలో చదవాలని నేర్పించాను. అలా చదివితే వినేవాళ్ళకి ఒళ్ళు ఝల్లుమంటుంది. నా లెక్క తప్పలేదు, రేపల్లె గుడిలో మొదటిసారి చదివినప్పుడు ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత వేమూరు నుంచి పిలుపొచ్చింది. చుండూరు, తెనాలి, చెరుకుపల్లి, ఎక్కడ స్త్రీల కూడిక జరిగినా కరుణశ్రీ సాక్ష్యం ఉండాల్సిందే. నేను తెల్లచీర కట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. తను చదువుతుంటే పెదాలు కదుపుతూ నేనూ లోపల చదువుకునేదాన్ని. టీచరుగారి కోడలు ఎంత బాగా చెప్పిందండీ అంటే నా మొహం చూడాలి. మా ఆయన ఒకసారి చూశారు. చూసి, “సాక్ష్యం అమ్మాయిది, స్తోత్రాలు టీచరుగారికి” అన్నారు. ఆ రోజు ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు.

మొదటి రెండేళ్ళు పరీక్షకి వెళ్ళొచ్చాం. అంతా బాగుందన్నారు. మూడో ఏడు పరీక్షకి ఇచ్చిన రోజే చుండూరులో కూడిక పడింది. కిరణ్ ఆసుపత్రికే వెళ్దామన్నాడు. దేవుడు చేసిన పనికి ఇన్‌స్పెక్షన్ ఏంట్రా అన్నాను. బడిలో ఇన్‌స్పెక్షన్లంటే నాకు మొదట్నుంచీ మంట. వాడు నాలుగు రోజులాగి మళ్ళీ అడిగాడు. నేను చూసిన చూపుకి మూడోసారి అడగలేదు. కరుణశ్రీ “సరే అత్తయ్యా” అంది. ఆ ఏడు తప్పిన పరీక్ష మరుసటేడూ తప్పింది, ఆ పైన అడిగే నాథుడే లేడు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

మా ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనా స్టేషను వదల్లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, రైలొచ్చాక కోడల్ని స్కూటరు మీద ఇంటికి తీసుకొస్తారు. రేపల్లె ఆఖరు స్టేషను, బండి ఇక్కడితో ఆగిపోతుంది కాబట్టి ఎక్కినవాళ్ళంతా ఇక్కడ దిగాల్సిందే. ఈ ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు అన్నానికి కూర్చుని ఆయన ఒక మాటన్నారు.

“అమ్మాయి ఆఖర్న దిగుతోందే.”

దిగితే ఏమైందన్నాను. ఇదివరకు గుంపులో కలిసి వచ్చేసేదట. రెండు నెలల నుంచీ పెట్టెలోనే కూర్చుని, జనమంతా వెళ్ళిపోయాక దిగి, నెమ్మదిగా నడిచొస్తోందట. మధ్యలో మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆగుతోంది గానీ నీళ్ళు తాగడం లేదట. రిటైరైన వాళ్ళకి పనిలేక ఇలాంటివే కనబడతాయని కొట్టిపారేశాను. నాకప్పుడు వేరే ధ్యాస ఉంది. మార్చిలో బాపట్లలో స్త్రీల సమాజం వార్షిక కూడిక జరగబోతోంది. చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. కరుణశ్రీ సాక్ష్యం అందులో ప్రత్యేకాంశం. పైగా అది తన పుట్టినూరు.

కూడికకి ఆరు రోజుల ముందు ఆదివారం సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి ఒకసారి చదవమన్నాను. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. పక్కనే పింకీ నేలమీద బొమ్మలేసుకుంటోంది.

మొదటి పేజీ బాగానే సాగింది. రెండో పేజీలో వాక్యాలు తెగడం మొదలైంది. ఆగకూడని చోట ఆగుతోంది. ముగింపుకొచ్చేసరికి “నాలుగు మెట్లు ఎక్కలేని నన్ను” అని ఆగింది. “లేవనెత్తి” అని మళ్ళీ ఆగింది. నాకు విసుగొచ్చి, ఏడేళ్ళ నుంచి చదువుతూ ఇప్పుడు మర్చిపోయావా, ఒకే గుక్కలో చదవాలని చెప్పానా లేదా అన్నాను. సరే అత్తయ్యా అని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండు చోట్ల ఆగకుండా లాక్కొచ్చి “పూర్తిగా పూడ్చి” దగ్గర తెగిపోయింది. ఆ తర్వాత మాట రాలేదు, గాలి లోపలికి లాక్కుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది.

నేను కళ్ళు తెరిచాను. ముప్పై ఆరేళ్ళు పిల్లల చదువు విన్నదాన్ని. తెలియక ఆగేవాళ్ళు ఎలా ఆగుతారో, మర్చిపోయి ఆగేవాళ్ళు ఎలా ఆగుతారో నాకు తెలుసు. ఈ పిల్ల తెలియకా ఆగలేదు, మర్చిపోయీ ఆగలేదు. ఊపిరి చాలక ఆగింది.

దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర నాడి రెండు మూడు దెబ్బలు కొట్టి, ఒకటి మింగేసి, మళ్ళీ తొందరగా కొడుతోంది. ఎప్పట్నుంచని అడిగాను. ఎండ అత్తయ్యా అంది మొదట. నేను చెయ్యి వదల్లేదు. క్రిస్మస్ ముందు నుంచి అంది.

“మరి చెప్పలేదేం?”

కరుణశ్రీ కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “చెప్తే సాక్ష్యం అబద్ధం అవుద్ది కదా అత్తయ్యా. ఇన్ని ఊళ్ళలో చెప్పేశాం” అంది.

ఏడుస్తూ అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. బియ్యం నిండుకున్నాయి అన్నట్టు మామూలుగా అంది. పింకీ తలెత్తి నానమ్మ ఎందుకు మాట్లాడ్డం లేదని వాళ్ళమ్మని అడిగింది.

మర్నాడే తెనాలి వెళ్ళాం. అక్కడ మైథిలిగారని గుండె డాక్టరు, చిన్న వయసే. కరుణశ్రీని పడుకోబెట్టి చాలాసేపు ఎకో చూసింది. తెర మీద నాకేమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఆగి చూస్తోందని మాత్రం అర్థమైంది. చూడ్డం అయ్యాక, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగింది. కిరణ్ నావైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాడు పడిన కష్టం నాకు కనబడింది. నేనే చెప్పాను, అయిదేళ్ళయిందని.

ఆవిడ కోప్పడలేదు. కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించింది. పాత బిళ్ళ ఊడిపోలేదు, కానీ కాస్త ఒరిగింది. కింది అంచు దగ్గర గోడ పల్చగా ఉండటంతో అక్కడ సందు పడి రక్తం మళ్ళీ ఇటునుంచి అటు కారుతోంది. ఆ కారినదంతా మోసి మోసి గుండె కుడిభాగం పెద్దదైంది, అందుకే లయ తప్పుతోంది. ఏటా వస్తే సందు చిన్నగా ఉన్నప్పుడే తెలిసేదంది. ఇప్పుడూ చెయ్యి దాటిపోలేదు. పాతదాన్ని అలాగే ఉంచి, దాని పక్కన ఇంకో చిన్న బిళ్ళ పెట్టి చూడొచ్చు. పట్టుకోవడానికి అంచు చాలకపోతే మాత్రం ఛాతీ తెరిచి కుట్టాల్సి వస్తుంది. ఏదైనా ఈ నెలలోపే గుంటూరు వెళ్ళి చేయించుకోండి, ఆలస్యం చేస్తే గుండె మళ్ళీ మామూలు సైజుకి రాదు అని గట్టిగా చెప్పింది. అప్పటిదాకా వాడమని మాత్రలు రాసిచ్చింది.

ఇంటికొచ్చాక కరుణశ్రీ మొదటిసారి “సరే అత్తయ్యా” అనలేదు. గుంటూరు వెళ్ళనంది. ఇప్పుడు కాదు, బాపట్ల కూడిక అయిపోయి, వేసవి సెలవుల్లో ఎవరికీ తెలియకుండా వెళ్దామంది. కిరణ్ బతిమాలాడు. ఎంత చెప్పినా వినలేదు. వంటింట్లో నాతో ఒక్కదానితో అసలు సంగతి చెప్పింది. వేమూరులో ఎవరికో జబ్బు తిరగబెడితే, విశ్వాసం తగ్గి తిరగబెట్టిందని అంతా అన్నారట. ఆ మాట ఆ మనిషి మొహం మీదే అన్నారట. అప్పుడు తలూపిన వాళ్ళలో మీరూ ఉన్నారత్తయ్యా అంది. నిజమే, ఉన్నాను.

బాపట్లలో వాళ్ళమ్మ ఉంది, మేనమామలున్నారు, చిన్నప్పట్నుంచీ ఎరిగిన సంఘం ఉంది. వాళ్ళందరి నోటా ఆ మాట పడటం కన్నా ఇంకో రెండు నెలలు ఆయాసపడటమే నయమని ఆ పిల్ల నిర్ణయించుకుంది. ఇది నా కోడలి మొండితనం కాదు. నేను ఏడేళ్ళుగా నేర్పించిన పాఠం.

ఆ సాయంత్రం మా ఆయన్ని స్టేషనుకి వెళ్ళనివ్వకుండా కూర్చోబెట్టి నాలుగు మాటలూ చెప్పుకున్నాను. ఏం చేద్దామన్నాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

“ఎర్ర పెన్ను ఎవరి దగ్గరుందో వాళ్ళే దిద్దాలి” అన్నారు.

ఆయన వెక్కిరింపుగా అన్నారేమోనని మొహం చూశాను. వెక్కిరింపు కాదు.

బాపట్ల కూడిక శనివారం పెట్టారు. కోడలూ నేనూ చెరుకుపల్లి మీదుగా బస్సులో బయల్దేరాం. కిటికీ పక్కన కరుణశ్రీ బైబిల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాక్ష్యం కాగితాలు ఎప్పుడూ అందులోనే ఉంచుతుంది. దారిలో అడిగాను, ఇవాళ నీ బదులు నేను మాట్లాడనా అని. నా తప్పు వరకూ నేను చెప్పుకుంటాను, నీ జబ్బు సంగతి చెప్పొద్దంటే చెప్పను అన్నాను. తను బయటికి చూసింది. కోతలైపోయిన పొలాల్లో మినుములు ఆరబెట్టుకుంటున్నారు.

“చెప్పండత్తయ్యా. అంతా చెప్పండి. నాకైతే నోరు రాదు” అంది.

గుడి నిండిపోయింది. పాటలయ్యాయి, పాస్టరు వరప్రసాదం అయ్యగారు వాక్యం చెప్పారు, తర్వాత కరుణశ్రీ పేరు పిలిచారు. నేను లేచి తన చేతిలోంచి బైబిల్ తీసుకుని ముందుకి వెళ్ళాను. కోడలికి బదులు అత్త వచ్చేసరికి కొందరు నవ్వారు. నాకు మైకంటే భయం లేదు, కానీ ఆ రోజు బైబిల్ని రెండు చేతులా పట్టుకున్నాను.

ముందుగా, మీరంతా విన్న సాక్ష్యంలో ఒక వాక్యం లేదని చెప్పాను. అది రాసిన మనిషి రాసింది, నేను కొట్టేశానని చెప్పాను. డాక్టరు ఏటా రమ్మన్నాడు, మేం వెళ్ళలేదు, ఆపింది నేను. ఇప్పుడు బిళ్ళ పక్కన సందు పడింది, మళ్ళీ వైద్యం చేయించాలి. ఇంతవరకూ ఆపకుండా చెప్పేశాను. ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కావిడతో అంటున్నట్టుగా అందరికీ వినబడేలా అంది, విశ్వాసంలో లోపం ఉంటే ఇలాగే అవుద్దమ్మా అని.

నాకు కోపం తన్నుకొచ్చింది. చాలా రోజుల తర్వాత పనికొచ్చే కోపం.

“అవునమ్మా, లోపమే. నాది” అన్నాను. “దేవుడు చేసిన పని గట్టిదని నిజంగా నమ్మితే పరీక్షకి ఎందుకు భయపడతాను? పరీక్ష చేస్తే ఏం తేలుద్దో అని భయపడింది నేను. ఈ పిల్ల ఏనాడూ వెళ్ళనన్లేదు.”

పెద్దావిడ కొంగు సర్దుకుంది. ఆ కొట్టేసిన వాక్యం ఏ చోట ఉండాల్సిందో చూపిద్దామని బైబిల్ తెరిచాను. ఫెయిర్ కాపీ వెనక ఇంకో రెండు కాగితాలున్నాయి. అంచులు చిరిగి, మడతల దగ్గర పల్చబడ్డాయి. కరుణశ్రీ మొదటిసారి నాకు తెచ్చిచ్చిన కాగితాలే అవి. నా ఎర్ర గీతలతో సహా ఏడేళ్ళు దాచుకుంది.

“డాక్టరుగారు ఏటా ఒకసారి పరీక్షకి రమ్మన్నారు” అని చదివాను. పేజీ తిప్పాను. చివర్లో రెండో ఎర్ర గీత ఉంది. నేను మర్చిపోయిన వాక్యం. గీత కింద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. చూసుకోకుండా పైకే చదివేశాను.

“నాకు ఇంకా భయంగానే ఉంది, నా కోసం ప్రార్థన చెయ్యండి.”

చదివాక ఇంక ముందుకి సాగలేకపోయాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల భయంగా ఉందమ్మా అని రాసి నా చేతిలో పెడితే, సాక్ష్యంలో భయమేంటని కొట్టేసి దాని మీద నా సొంత వాక్యం రాసుకున్నాను. ఏడేళ్ళలో పన్నెండు ఊళ్ళు తిప్పాను. ఒక్క ఊళ్ళోనూ ఆ పిల్ల కోసం ఎవరూ ప్రార్థన చెయ్యలేదు, ఎందుకంటే అడగనివ్వలేదు నేను. అందరి ముందూ నిలబడి ఏడ్చాను. ఏడవడం నాకు చేతకాదు, ముక్కు ఎర్రబడి దగ్గొస్తుంది. అలాగే ఏడ్చాను.

అయ్యగారు ఏమీ అనకముందే మూడో వరసలోంచి కరుణశ్రీ వాళ్ళమ్మ లేచింది. లేచి కూతురి దగ్గరికెళ్ళి భుజమ్మీద చెయ్యేసి నిలబడింది. ఆ వెనక మేనత్త లేచింది, ఆ తర్వాత ఎవరెవరో నాకు తెలియనివాళ్ళు లేచారు. విశ్వాసంలో లోపం అన్న పెద్దావిడ కూడా మోకాళ్ళ నొప్పితో బల్ల పట్టుకుని లేచింది. అయ్యగారు ప్రార్థన చేశారు. చిన్న ప్రార్థనే. డాక్టర్ల చేతుల కోసం కూడా చేశారు.

తిరుగు బస్సులో కరుణశ్రీ నా భుజమ్మీద తలపెట్టుకుని కాసేపు పడుకుంది. అంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు. చెరుకుపల్లి దాటాక తలెత్తకుండానే అడిగింది.

“గుంటూరు ఎప్పుడెళ్దాం అత్తయ్యా?”

మంగళవారం అన్నాను. సరే అంది.

గుంటూరులో ముందు గొంతులోంచి సన్నటి గొట్టం దించి దగ్గర్నుంచి చూశారు. అంచు చాలీచాలకుండా ఉంది, ప్రయత్నిస్తాం, ఆపరేషన్ చేసే డాక్టర్లని కూడా సిద్ధంగా ఉంచుతాం అన్నారు. ఆ ఉదయం రెండున్నర గంటలు బయట కూర్చున్నాం. మొదట పెట్టిన బిళ్ళ నిలబడలేదని, వెనక్కి తీసేశారని మధ్యలో ఒక సిస్టరొచ్చి చెప్పింది. కిరణ్ లేచి వరండా చివరి దాకా వెళ్ళొచ్చాడు. వచ్చి నా పక్కన కూర్చుని, మూడోసారి కూడా అడగాల్సిందమ్మా నేను అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అడిగితే తిట్టేదాన్నిరా అన్నాను. తిట్టినా అడగాల్సింది అన్నాడు.

రెండోసారి ఇంకో సైజుది పెట్టారు. అది నిలబడింది. పెద్ద డాక్టరుగారు బయటికొచ్చి, ప్రస్తుతానికి కారడం లేదు, నెలయ్యాక ఒకసారి, ఆరు నెలలయ్యాక ఒకసారి, ఆ తర్వాత ఏటా చూడాలి అన్నారు. ఆయన నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. నేను మాత్రం సంచిలోంచి పెన్ను తీసి తేదీలన్నీ ఆయన ముందే రాసుకున్నాను. నల్ల సిరాతోనే.

నెలన్నర ఇంట్లో ఉంది. మొదటి నెల పరీక్షలో లయ కుదుటపడుతోందన్నారు. పింకీ వాళ్ళమ్మని మేడ మెట్ల మీద రోజుకి రెండుసార్లు నడిపించేది, ఆగితే ఎందుకాగావని నిలదీసేది. ఈ పిల్లకి నా పోలిక వచ్చిందని మా ఆయన బెంగపెట్టుకున్నారు.

జూన్లో కాలేజీలు తెరిచాక కరుణశ్రీ మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. మొదటి రోజు సాయంత్రం నేనూ స్టేషనుకొస్తానన్నాను. మా ఆయన బెంచీ మీద జరిగి చోటిచ్చారు. ఇన్నేళ్ళలో నేనక్కడ కూర్చోవడం అదే మొదలు. ఆయన మంచినీళ్ళ కుళాయి చూపించారు. అక్కడే ఆగేది అన్నారు.

బండి వచ్చింది. జనం దిగి గుంపుగా మా ముందునుంచి పోతున్నారు, కాలేజీ పిల్లలు, సంచులతో కూరగాయలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. నాకు ఆ గుంపుతో పని లేదు. మెడ చాచి ఆఖరి పెట్టె వైపే చూస్తున్నాను. గుంపు పల్చబడింది. ఇద్దరు ముసలివాళ్ళు దిగారు. తర్వాత ఎవరూ దిగలేదు. కుళాయి దగ్గర కూడా ఎవరూ లేరు. లేచి నిలబడి, కనబట్టం లేదేంటండీ అన్నాను మా ఆయనతో.

ఆయన నా వెనక్కి చూసి నవ్వుతున్నారు.

“ఎవరి కోసం చూస్తున్నారత్తయ్యా?” అంది కరుణశ్రీ నా భుజం వెనకనుంచి.